కరెంటు బిల్లు పెంచమని అడగండి

సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా వాడే కరెంటుకు ధర పెంచమని మీ ఎమ్మెల్యేను అడగండి. పొలంలో మోటారుకు మీటరు పెట్టమని మీరే దరఖాస్తు రాయండి. పాత ప్రభుత్వం ఎక్కువ ధరకు రాసిచ్చిన గాలి కరెంటు ఒప్పందాన్ని తెంచవద్దని కొత్త ముఖ్యమంత్రికి చెప్పండి. మేడ మీద సోలారు పెట్టుకుంటే, యూనిట్లు కొన్ని తగ్గినా సరే, పలకలను పడమటికి తిప్పండి. బొగ్గు మీద పన్ను తీసేశారని పేపర్లో చదివితే సంబరపడకండి.

రచ్చబండ దగ్గర ఈ మాటలంటే తిట్లు తప్పవు. తలకిందుల సలహాలంటారు. అయినా ఒక్కొక్కటీ నిండు మనసుతో ఇస్తున్నాను. చౌకగా ఇవ్వండి, ఉచితంగా ఇవ్వండి, పోయినవాళ్లు చేసింది రద్దు చేయండి అంటూ ఇన్నేళ్లుగా మనం విన్న సలహాలు కరెంటు పంపిణీ సంస్థలను, అంటే డిస్కంలను, అప్పుల్లో ముంచాయి. బోర్లను ఎండబెట్టాయి. బొగ్గు మీద మన ఆధారాన్ని మాత్రం తగ్గించలేదు. దేశంలో పుట్టే కరెంటులో పదింట ఏడు వంతుల దాకా ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది.

మోటారుకు మీటరు మీరే అడగండి

మీటరు అనగానే మన రైతు మనసులో మెదిలేది బషీర్‌బాగ్. 2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపు మీద నిరసన తెలపడానికి హైదరాబాద్ వచ్చినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. నాలుగేళ్లకు ప్రభుత్వమే మారింది. 2004 మే 14న ఎల్బీ స్టేడియంలో ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఆ వేదిక మీదే ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. అప్పటికి వరస కరువులు, బోర్ల కోసం చేసిన అప్పులు, ఊరూరా ఆత్మహత్యలు. ఆ రోజుకు ఆ సంతకం న్యాయం. రైతును ఆదుకోవాలన్నది ఈ రోజుకూ న్యాయమే. నాకున్న అభ్యంతరమల్లా లెక్క లేకుండా ఇవ్వడం మీదే.

రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి నలభై లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లున్నాయి. వాటిలో చాలావాటికి మీటరు లేదు. ఎన్ని యూనిట్లు వాడారన్నది కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లను నమూనాగా తీసుకుని, అక్కడ రీడింగు చూసి, మొత్తానికి అంచనా కడతారు. అంచనాలో ఏదైనా కలిసిపోవచ్చు. తీగల్లో పోయిన కరెంటు, పట్నంలో కొక్కేలేసి లాగిన కరెంటు, మామూళ్లు తీసుకుని చూడనట్టు వదిలేసిన కరెంటు, అంతా వ్యవసాయం పద్దులో సర్దేయడానికి వీలుంది. ఆ పద్దును చూపించి పట్నంవాళ్లు రైతును ఆడిపోసుకుంటారు. మీటరు తిరిగితే రైతు వాడకం కన్నా ముందు డిస్కం నష్టాలు బయటపడతాయి. మీటరు రైతుకు ఉరితాడని చెప్పిన నాయకుల్లో ఒక్కరూ ఈ సంగతి చెప్పలేదు.

ఇక రైతు సొంత లెక్క చూద్దాం. అయిదు హార్స్‌పవర్ మోటారు ఉందనుకోండి. పాతబడిన మోటారు గంటకు నాలుగున్నర యూనిట్లు లాగుతుంది. రోజుకు ఏడు గంటల చొప్పున నూట యాభై రోజులు నడిస్తే దాదాపు 4,700 యూనిట్లు. ఆ కరెంటును పొలం దాకా తేవడానికి యూనిట్‌కు ఏడు రూపాయలు వేసుకుంటే 33 వేలు. ప్రభుత్వం ఆ రైతుకు ఏటా ఇస్తున్నది అదీ. ఆయన మాత్రం అందులో ఒక్క రూపాయి కళ్లచూడడు. మంచి స్టార్ రేటింగ్ మోటారు వేసి, కెపాసిటర్ పెట్టి, ఇరుకు ఇనుప గొట్టం బదులు నునుపైన ప్లాస్టిక్ గొట్టం దించి, డ్రిప్ వేసి మూడో వంతు కరెంటు మిగిల్చాడనుకుందాం. అందులో ఆయనకు దక్కేది సున్నా. ఖర్చు ఆయనది, మిగులు డిస్కంది. ఉచిత విద్యుత్తుకు అర్హత కావాలంటే కెపాసిటర్, ఐఎస్ఐ మోటారు, రాపిడి తగ్గించే ఫుట్‌వాల్వు, మంచి పైపు ఉండాలని మొదట్లోనే షరతు పెట్టారు. చాలా ఊళ్లలో ఆ షరతు కాగితం దాటలేదు. దాన్ని పాటించినవాడి చేతికి ఏమీ రాదు కాబట్టి దాటలేదు.

అదే 33 వేలు జూన్‌లోనే రైతు ఖాతాలో పడి, మీటరు తిరిగినంత మేరకే అందులోంచి కోసుకుంటే? మిగిల్చిన 11 వేలు ఆయనవి. అప్పుడు చెరకా, వరా, వేరుశనగా అన్న నిర్ణయంలో నీటి ధర కూడా ఒక మాట చెబుతుంది. ఆ మోటారు మిగిల్చిన ప్రతి యూనిట్ దగ్గర గ్రిడ్ మొత్తం సగటున ముప్పావు కిలోకు కాస్త తక్కువ బొగ్గుపులుసు వాయువు గాల్లో కలవకుండా ఆగుతుంది. వాతావరణం మీద ప్రేమ ఉండాలని రైతును ఎవరూ బతిమాలనక్కర్లేదు.

ఇక్కడ రైతు ఒక ప్రశ్న అడుగుతాడు. "ఇవాళ ఖాతాలో వేస్తామంటారు సార్, రేపు గ్యాస్ సబ్సిడీని చేసినట్టు చేయరని నమ్మకమేంది?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేనివాళ్లకు మీటర్ల గురించి మాట్లాడే అర్హత లేదు. 2015 జనవరి నుంచి దేశమంతటా సిలిండర్‌కు నిండు ధర కట్టించుకుని సబ్సిడీని ఖాతాలో వేశారు. 2020 మే నాటికి మామూలు ఇళ్లకు ఆ సబ్సిడీ చప్పుడు లేకుండా సున్నా అయింది. ఏ సభలోనూ చర్చ జరగలేదు. రైతు మర్చిపోలేదు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టి డబ్బు ఖాతాల్లో వేస్తామన్నప్పుడు, శ్రీకాకుళం జిల్లాలో ముందుగా ప్రయోగం మొదలుపెట్టినప్పుడు, రైతులు భయపడ్డారంటే ఆ భయానికి అర్థముంది. పైగా ఆ సంస్కరణ రాష్ట్రం అదనంగా అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం పెట్టిన షరతుతో ముడిపడి ఉంది. రైతు కోసం చేస్తున్నామంటే ఎవరు నమ్ముతారు?

కాబట్టి మీటరు ఊరికే అడగకండి, షరతు పెట్టి అడగండి. విద్యుత్ చట్టం 2003లో 65వ సెక్షన్ ఉంది. ఎవరికైనా రాయితీ ఇవ్వాలనుకుంటే రాష్ట్ర ప్రభుత్వం ఆ సొమ్మును ముందే చెల్లించాలని అది చెబుతుంది. ఆ ముందే చెల్లించడం డిస్కంకు కాక రైతుకు జరగాలని, రాయితీని యూనిట్లలో నిర్ణయించాలని, యూనిట్ ధర పెరిగినప్పుడల్లా సొమ్మూ పెరగాలని, డబ్బు పడని నెల డిస్కం కనెక్షన్ తీయకూడదని రాష్ట్ర శాసనసభ చట్టం చేయాలి. జీవో చాలదు. జీవోను ఒక సాయంత్రం ఇంకో జీవోతో కొట్టేయవచ్చు.

పంజాబ్ ఇంకాస్త మెత్తని దారి పట్టింది. 2018లో కొన్ని ఫీడర్ల మీద మొదలుపెట్టిన పథకంలో రైతుకు ఒక కోటా ఇచ్చారు. కోటా దాటినా బిల్లు లేదు, తగ్గించి వాడితే మిగిలిన ప్రతి యూనిట్‌కు నాలుగు రూపాయలు ఖాతాలో. పశ్చిమ బెంగాల్ 2007 నుంచే గొట్టపుబావులకు మీటర్లు పెట్టి, వేళను బట్టి ధర వేసింది. గుజరాత్‌లో ఖేడా జిల్లా ధుండి అనే ఊళ్లో 2016లో రైతులు సోలారు పంపుల సహకార సంఘం పెట్టుకున్నారు. నీళ్లు తోడగా మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్ముతారు. అక్కడ మోటారు ఆపడం కూడా ఒక ఆదాయం. మన అనంతపురం ఎండకు ఇలాంటి సంఘాలు వందల్లో ఉండాల్సింది. సోలారు పంపును ఉచితంగా ఇచ్చి గ్రిడ్‌కు కలపకుండా వదిలేస్తే మాత్రం బోరు ఇంకా త్వరగా ఎండుతుంది. ఆ పంపుకు ఆపే కారణం ఏదీ ఉండదు.

ఇంకొకటి. 24 గంటల కరెంటు అడగకండి. తెలంగాణ 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటలూ ఇచ్చింది. మంచి ఉద్దేశమే. వెంటనే ఆటో స్టార్టర్లు తీసేయండని అధికారులే ఊరూరా తిరిగి చెప్పాల్సి వచ్చింది. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. రైతు నిద్రలో ఉన్నా నీళ్లు పారుతాయి. ఫీడరు మీదున్న మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. రైతుకు కావలసింది చెప్పిన వేళకు, నిండు ఓల్టేజీతో, పగటిపూట ఏడెనిమిది గంటలు. రాత్రి కరెంటు కోసం చీకట్లో పొలం గట్ల మీద నడిచి పాముకాటుకు, తడిచేతి షాకుకు పోయినవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. సోలారు కరెంటు పగలే పుడుతుంది, పైరుకు నీళ్లు పగలే పెట్టొచ్చు. ఈ రెండూ ఇంత చక్కగా కుదిరే పంపకం కరెంటు వ్యవహారంలో మరొకటి లేదు. గుజరాత్ 2003లో జ్యోతిగ్రామ్ కింద వ్యవసాయ ఫీడర్లను విడదీసి ఎనిమిది గంటలే ఇచ్చింది, కానీ ఇచ్చింది గట్టిగా ఇచ్చింది. గంటల సంఖ్య మీద ఎన్నికలు జరపడం మానేసి, ఓల్టేజీ మీద జరిపితే రైతుకు మోటారు రీవైండింగ్ ఖర్చు తగ్గేది.

ఖరీదైన పాత ఒప్పందాన్ని తెంచకండి

ఈ సలహా ముఖ్యమంత్రులకు, వారి ఆర్థిక మంత్రులకు. 2019 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారింది. పాత ప్రభుత్వం కుదుర్చుకున్న గాలి, సోలారు ఒప్పందాల్లో ధరలు ఎక్కువగా ఉన్నాయని, తగ్గించడానికి జులై 1న ఒక ఉన్నతస్థాయి సంప్రదింపుల కమిటీ వేసింది. పైపైన చూస్తే ఇంతకన్నా ప్రజాహితమైన పని లేదు. యూనిట్‌కు నాలుగు రూపాయల పైచిలుకు కడుతున్నాం, బయట వేలంలో రెండున్నరకు దొరుకుతోంది. ఎవరికి కోపం రాదు?

నష్టం ఎక్కడ జరిగిందో చూడండి. కంపెనీలు హైకోర్టుకెక్కాయి. కేసు తేలేదాకా గాలికి 2.43, సోలారుకు 2.44 రూపాయల చొప్పున కట్టమని ఆ సెప్టెంబరులో ఏకసభ్య ధర్మాసనం చెప్పింది. 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనం దాన్ని కొట్టేసి, ఒప్పందంలో ఉన్న ధరకే బకాయిలు ఆరు వారాల్లో కట్టమంది. అంటే మూడేళ్లు తగాదా పడి చివరికి నిండు ధరా కట్టాలి, బకాయిలు పేరుకున్న భారమూ మోయాలి. ఈ మధ్యలో అప్పటి కేంద్ర విద్యుత్ మంత్రి ఆర్.కె. సింగ్ రాష్ట్రానికి ఇలా చేయవద్దని రాశారు. పెట్టుబడులు పెట్టిన దేశాల నుంచీ ఆందోళన వచ్చింది. ఇంకో రాష్ట్రంలో వేలానికి వెళ్లే కంపెనీ కూడా ఆంధ్ర కథను వడ్డీ రూపంలో లెక్కలో వేసుకుంది.

వడ్డీ అని ఊరికే అనడం లేదు. బొగ్గు కేంద్రంలో ఖర్చు ఏళ్ల తరబడి బొగ్గు కొంటూ పెట్టేది. సోలారులో ఖర్చంతా మొదటి రోజే. ఆ తర్వాత ఎండకు బిల్లు లేదు, ఉండేదల్లా అప్పు వాయిదా. మెగావాట్‌కు సుమారు నాలుగు కోట్లు, అందులో మూడు కోట్లు అప్పు, ఏడాదికి ఇరవై లక్షల యూనిట్లు అనుకోండి. వడ్డీ ఒక్క శాతం పెరిగితే ఏటా మూడు లక్షలు, అంటే యూనిట్‌కు 15 పైసలు. ఈ రాష్ట్రం మాట తప్పుతుందన్న అనుమానం రెండు శాతం వడ్డీ పెంచితే 30 పైసలు. పాత ఒప్పందంలో మిగిల్చుదామనుకున్న సొమ్ము రాబోయే పాతికేళ్ల కొత్త ఒప్పందాలన్నిటి మీదా మెల్లగా పోతుంది. పాత ధర ఎందుకు ఎక్కువ? అప్పుడు పలకలే ఖరీదు. 2015 చివర కర్నూలు జిల్లా గని అనే ఊరి దగ్గరి సోలారు పార్కు వేలంలో యూనిట్‌కు 4.63 రూపాయలు పలికితే దేశం మొత్తం అది రికార్డు అంది. 2017 ఏప్రిల్‌లో కడప జిల్లా వేలంలో 3.15, మరుసటి నెల రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44, 2020 డిసెంబరులో గుజరాత్‌లో 1.99. ముందు కొన్నవాళ్లు ఎక్కువ కట్టబట్టే తర్వాత కొన్నవాళ్లకు తగ్గింది. అవినీతి జరిగిందన్న ఆధారముంటే ఆ ఒక్క ఒప్పందం మీద కేసు పెట్టి నిరూపించండి. ధర ఎక్కువన్న ఒక్క కారణంతో అన్నిటినీ కదపడం వేరు.

సాయంత్రం ఖరీదు కానివ్వండి

ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి కరెంటు మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, నెలకు 400 యూనిట్లు దాటాక 9.75. ఎంత వాడారన్నదాన్ని బట్టి ధర మారుతుంది. ఎప్పుడు వాడారన్నది మాత్రం మన ఇళ్ల బిల్లులు దాదాపు పట్టించుకోవు. బయట మార్కెట్లో వేళదే రాజ్యం. మండే ఎండలో సోలారు ఉప్పొంగినప్పుడు విద్యుత్ ఎక్స్చేంజిలో యూనిట్ రెండు మూడు రూపాయలకు, కొన్ని రోజులు అంతకన్నా చాలా తక్కువకు దొరుకుతుంది. పొద్దు గూకాక అదే యూనిట్ గరిష్ఠ పరిమితి అయిన పది రూపాయలను తాకుతుంది. మధ్యాహ్నం కొనేవాడు లేక సోలారు కేంద్రాలను తగ్గించి నడపమంటారు, రాత్రి ఏడింటికి బొగ్గును పరుగెత్తిస్తారు. మన ఇంట్లో ఈ తేడా ఏమీ కనపడదు కాబట్టి వాటర్ ట్యాంకు మోటారు, గీజరు, వాషింగ్ మెషీను, ఇప్పుడు కొత్తగా ఎలక్ట్రిక్ స్కూటరు ఛార్జింగు, అన్నీ ఆఫీసు నుంచి వచ్చాక ఒక్కసారే వేస్తాం.

కేంద్రం 2023 జూన్‌లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎండ వేళల్లో ధర మామూలు కన్నా పది నుంచి ఇరవై శాతం తక్కువ ఉండాలి, పీక్ వేళల్లో దానికి తగ్గట్టు ఎక్కువ ఉండాలి. పది కిలోవాట్లు దాటిన పరిశ్రమలకు, వ్యాపారాలకు 2024 ఏప్రిల్ నుంచి, వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ నుంచి అన్నారు. స్మార్ట్ మీటరు రాగానే వర్తించాలి. మన దగ్గర స్మార్ట్ మీటరు మీద కోపముంది, దాన్ని పగలగొడతామన్న నాయకులున్నారు. పగలగొట్టకండి. మీటరు వచ్చాక మధ్యాహ్నం తగ్గింపు ఏదని అడగండి. తగ్గింపు పది శాతం చాలదు, సగం ధర కావాలని అడగండి. సాయంత్రం పెంపు నెలకు 75 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు ఉండకూడదని అడగండి. ఒక ఫ్యాను, రెండు బల్బులు, టీవీ ఉన్న ఇంట్లో మధ్యాహ్నానికి జరపడానికి ఏముంటుంది? భారం రెండు ఏసీల ఇంటి మీద పడాలి.

మీరు ధరను కళ్లముందు కట్టకపోతే అది వెనక నుంచి వస్తుంది. ధర అడక్కుండా కిరాణా కొట్లో ఖాతా రాయించుకున్నట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2022–23లో వాడిన కరెంటుకు అదనంగా 6,072 కోట్లు వసూలు చేసుకోవచ్చని 2024 చివర్లో విద్యుత్ నియంత్రణ మండలి అనుమతిచ్చింది. ఆ ఏడాది అద్దెకున్నవాడు ఇల్లు మారిపోయాడు, ఆ తర్వాత వచ్చినవాడు ట్రూఅప్ పేరుతో ఆ బాకీ కట్టాల్సి వచ్చింది. సాయంత్రం ధర సాయంత్రమే తెలిసి ఉంటే ఆ కొనుగోలులో కొంతైనా జరిగేది కాదు.

సాయంత్రం ధర పైకి లేస్తేనే నిల్వకు గిరాకీ వస్తుంది. ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి కట్టింది ఈ తేడా మీద బతకడానికే. మధ్యాహ్నం చౌక కరెంటుతో నీళ్లను పైకి తోడి, రాత్రికి కిందికి వదులుతారు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. తిప్పి నడిపితే అవీ నీళ్లను ఎగువకు తోడగలవు. నాగార్జునసాగర్‌లోనూ అలాంటి యంత్రాలున్నాయి. ఇంత విలువైన ఆస్తి చేతిలో ఉండగా రెండు రాష్ట్రాలు ఆ నీటి లెక్క మీద తగాదా పడుతూనే ఉన్నాయి. తోడిన నీళ్లు తిరిగి కిందికే వస్తాయి కదా, ఇందులోనైనా రాజీపడండని ఇద్దరు ముఖ్యమంత్రులనూ బతిమాలుకుంటున్నాను. సోలారును బ్యాటరీతో కలిపి అమ్మే వేలాల్లో ఇప్పుడు మూడున్నర రూపాయల దరిదాపుల్లో ధరలు వస్తున్నాయి. రాత్రికి బొగ్గే గతి అన్న మాట ఇక నిలవదు.

సున్నా బిల్లు కోసం సోలారు పెట్టకండి

2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్లకు 78 వేలు ఇస్తోంది. తీసుకోండి, తప్పులేదు. కానీ సున్నా బిల్లు గురి పెట్టుకోకండి. మధ్యాహ్నం గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్‌ను రాత్రి వాడిన యూనిట్‌తో సరిసమానంగా కొట్టేస్తున్నారు. ఒకటి రెండు రూపాయలది, ఇంకొకటి పది రూపాయలది. ఆ తేడాను మేడ లేనివాళ్లు, అద్దె ఇళ్లవాళ్లు కడుతున్నారు. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు మీ బిల్లు సున్నా అయినంత మాత్రాన సున్నా కాదు. అందుకే ఆ ఖర్చుకు ఫిక్స్‌డ్ ఛార్జీ వేస్తే గొడవ చేయకుండా కట్టండి. పలకల్లో కొన్నిటినైనా పడమటికి తిప్పండి, ఏడాది మొత్తంలో కొన్ని యూనిట్లు తగ్గుతాయి, ఊరికి అవసరమైన సాయంత్రం నాలుగైదు గంటలప్పుడు ఎక్కువ వస్తాయి. అంతకన్నా ముందు, 75 వాట్ల పాత ఫ్యాన్లు తీసేసి ముప్పై వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేయండి. పలకల కన్నా చౌక.

బొగ్గు పన్నును అడిగి వేయించుకోండి

2010లో కేంద్రం బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు వేసింది, శుద్ధ ఇంధనానికి వాడతామని. 2016కల్లా అది 400 అయింది. జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల పరిహారం ఖాతాలో కలిసిపోయింది. 2025 సెప్టెంబరులో సెస్సు ఎత్తేసి, జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. ధర మీద శాతం కాబట్టి చౌకైన నాసిరకం బొగ్గు మీద భారం తగ్గింది. ఎవరూ బాధపడలేదు. ఆ పన్ను వల్ల తనకేం వచ్చిందో దేశంలో ఒక్క ఇంటికీ తెలియదు మరి.

లెక్క వేయండి. ఏటా వంద కోట్ల టన్నుల బొగ్గు మీద టన్నుకు 400 అంటే 40 వేల కోట్లు. ముప్పై కోట్ల కుటుంబాలకు సమానంగా పంచితే కుటుంబానికి 1,300 రూపాయలు. బొగ్గు కరెంటు యూనిట్‌కు ముప్పావు కిలో బొగ్గు వేసుకుంటే ఆ పన్ను యూనిట్‌కు 30 పైసలు. నెలకు అరవై యూనిట్లు వాడే ఇల్లు ఏడాదికి కట్టేది 216. సిమెంటు, ఇనుము ధరల్లో కలిసేది ఇంకొంత వేసుకున్నా ఆ పేద ఇంటికి చేతిలో మిగులే. ఏసీలు నాలుగున్న ఇల్లు ఎక్కువ కడుతుంది. కట్టాలి. 2015 మేలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలమందికి పైగా చనిపోయారు. ఎండలో పని చేయక తప్పని కూలీలు, ముసలివాళ్లు, ఆరుబయట బతికేవాళ్లే ఎక్కువ. బొగ్గు పొగలో వాళ్ల వాటా అందరికన్నా తక్కువ. ఈ ఒక్క అన్యాయం నాకు నిద్ర పట్టనివ్వదు. అందుకే పన్ను సొమ్ము సమానంగా పంచమంటున్నాను.

డబ్బు ముందు, పన్ను తర్వాత. ఈ క్రమం తప్పితే అంతా తప్పుతుంది. ఫ్రాన్స్ డీజిలు పన్ను పెంచి తిరిగి ఇచ్చే మాట మరిచింది. 2018 నవంబరులో పసుపు జాకెట్లు వేసుకుని జనం రోడ్డెక్కారు, పెంపు ఆగిపోయింది. ఇరాన్ 2010లో ఇంధన ధరలు పెంచేముందే ప్రతి ఇంటి ఖాతాలో సొమ్ము వేసి, ధర పెరిగిన రోజు తీసుకోనిచ్చింది. జనం ఓర్చుకున్నారు. కాకపోతే ఆ సొమ్మును ధరలతో పాటు పెంచలేదు, ద్రవ్యోల్బణం దాన్ని తినేసింది. కెనడా తిరిగి ఇచ్చింది కానీ, ఆ జమ ఎందుకొచ్చిందో చాలామందికి తెలియలేదు. 2025 ఏప్రిల్‌లో అక్కడ మామూలు జనం కట్టే పన్ను ఆగిపోయింది.

మనం వేసుకోకపోతే ఇంకొకరు వేస్తారు. యూరోపియన్ యూనియన్ 2026 జనవరి 1 నుంచి ఇనుము, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల దిగుమతుల మీద వాటి తయారీలో పుట్టిన కర్బనానికి సరిహద్దులో లెక్క కట్టిస్తోంది. ఇక్కడే కర్బన ధర కట్టి ఉంటే ఆ మేరకు అక్కడ తగ్గిస్తారు. మన ఉక్కు మీద వేసే పన్ను బ్రస్సెల్స్ ఖజానాకు పోవాలా, కొత్తగూడెం, రామగుండం పిల్లలకు కొత్త చదువులు చెప్పించాలా? సింగరేణి కుటుంబాలకు బొగ్గు ఎప్పటికీ ఉంటుందని చెప్పేవాళ్లు వాళ్ల మేలు కోరేవాళ్లు కారు. రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీదే 2022లో 100 మెగావాట్ల తేలియాడే సోలారు పూర్తయింది. గని మూతపడ్డాక ఉద్యోగాల గురించి ఆలోచించడం కన్నా, గని నడుస్తుండగా పన్ను సొమ్ముతో ఆ పట్నాల్లో పరిశ్రమ పెట్టించడం తేలిక.

చివరిగా, ఈ సలహాలు ఎక్కడ వాడాలో చెబుతాను. డిస్కంలు ఏటా నవంబరు చివరికి తమ ఆదాయ అవసరాల లెక్కను నియంత్రణ మండలికి ఇస్తాయి. ఆ కాగితాలు ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం పంపొచ్చు, బహిరంగ విచారణలో నిలబడి మాట్లాడొచ్చు. లాయరు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఛార్జీలు పెంచవద్దని అడిగేవాళ్లు అక్కడ ఎప్పుడూ ఉంటారు. మీరు వేరే ప్రశ్నలు తీసుకెళ్లండి. వ్యవసాయ వాడకం అంచనా ఏ ట్రాన్స్‌ఫార్మర్ల రీడింగు నుంచి వచ్చింది? 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ముందుగా కట్టింది ఎంత, బాకీ ఎంత? సాయంత్రం ఆరు నుంచి పది దాకా యూనిట్ సగటున ఎంతకు కొన్నారు, మధ్యాహ్నం ఎంతకు? పోయిన ఏడాది ఎన్ని సోలారు యూనిట్లు వద్దన్నారు? జవాబు నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి, రాతపూర్వకంగా ఇమ్మని మండలి ఛైర్మన్‌ను కోరండి. అంకె ఆర్డరులోకి ఎక్కేదాకా మళ్లీ మళ్లీ అడగండి.